అమ్మమ్మ చివరి మాట

మా మామయ్య మోటారు వైండింగ్ మెకానిక్. కాలిపోయిన ఫ్యాన్లూ, నీళ్ల పంపులూ ఆయన కొట్టుకు వస్తాయి. వాటితోపాటు బైబిల్ మీద అనుమానాలున్న వాళ్లూ వస్తారు. చర్చిలో ఆయన్ని ‘జవాబులాయన’ అంటారు. చిక్కు ప్రశ్న ఎదురైతే పాస్టరు గారు కూడా ఆయన కొట్టుకే తోలేస్తారు. మామయ్య పైకి విసుక్కుంటాడు గానీ, ఆ పేరంటే మహా ఇష్టం.

యేసు ఖాళీ సమాధి దగ్గర కనబడింది ఒక దూతా, ఇద్దరా అని ఎవరైనా అడిగితే, రాగితీగ చుట్టడం ఆపకుండానే చెప్పేవాడు: “నిన్న డాక్టరుతో మాట్లాడానని నువ్వంటావు. పక్కన నర్సు కూడా ఉందని మీ ఆవిడంటుంది. ఎవరు అబద్ధమాడినట్టు? దూత ఒక్కడే ఉన్నాడని రాసుంటే అప్పుడు రా, పోట్లాడదాం.”

యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా ఉరేసుకున్నాడా, కిందపడి చచ్చాడా అంటే, తాడు తెగి పడి ఉండొచ్చనేవాడు. తాడు తెగిందని ఎక్కడుందో చూపించమని నేను తగులుకునేదాన్ని.

“లేదే. కావొచ్చంటున్నా. మాట కుదిరే దారున్నంతవరకూ మనిషిని అబద్ధాలకోరు అనకూడదు,” అనేవాడు.

ఆ తాడు సంగతి నాకు సగమే మింగుడుపడేది. ఆయన పద్ధతి మాత్రం నచ్చేది. అలాంటి మనిషి సొంత అక్కను, అంటే మా అమ్మను, పదిమందిలో అబద్ధాలకోరును చేశాడు.

అమ్మమ్మ నిరుడు ఆస్పత్రిలో పోయింది. ఆమె జ్ఞాపకార్థం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో మామయ్య లేచి, తన తల్లి ప్రార్థన చేసుకుంటూ ప్రశాంతంగా కన్నుమూసిందని సాక్ష్యం చెప్పాడు.

మా అమ్మ కూర్చున్న చోటి నుంచే, “ప్రశాంతంగా ఎక్కడ పోయిందిరా? భయమేస్తోందని ఏడ్చింది,” అంది.

“అబద్ధం చెప్పకు! నేనక్కడే ఉన్నాను,” అని మామయ్య గద్దించాడు.

అప్పటి నుంచి అక్కాతమ్ముళ్లు ఎడమొహం పెడమొహం. చర్చిలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఆదివారం వంటింట్లో అమ్మ చేతిలో గిన్నెలు మోగిపోయేవి. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండేది, మామయ్య మీద కాస్త ఎక్కువ.

మొన్న మా ఇంట్లో ఫ్యాను కాలిపోతే నేనే పట్టుకెళ్లాను. కొట్లో వార్నిష్ వాసన మధ్య ఒక బ్యాంకు గుమాస్తా కూర్చుని ఉన్నాడు.

“సిలువ మీద యేసు చివరి మాట ఏంటండీ?” అని అడుగుతున్నాడు. “మత్తయి చెప్పిన దాంట్లో దేవుడు తనను వదిలేశాడని కేక వేస్తాడు. లూకా దగ్గరికొస్తే నిబ్బరంగా తండ్రి చేతికి తనను అప్పగించుకుంటాడు. రెండూ ఎలా నిజమవుతాయి?”

“రెండూ అన్నాడు,” మామయ్య కాలిన తీగను కత్తిరిస్తూ చెప్పాడు. “అంత నొప్పిలో కేక వెయ్యడా మనిషి? వేశాడు. తర్వాత అప్పగించుకున్నాడు. ఒకాయన అది రాశాడు, ఇంకొకాయన ఇది రాశాడు. కేక వేసినంత మాత్రాన విశ్వాసం లేదంటే ఎట్లా?”

“మరి అమ్మమ్మ?” అన్నాను. నోరు జారలేదు, కావాలనే అన్నాను.

కత్తెర ఆగిపోయింది. మామయ్య నా మొహంలోకి చూసి, తల దించుకున్నాడు. గుమాస్తాకు ఏదో సర్దిచెప్పి పంపించేశాడు. పట్టపగలే కొట్టు మూసి, నా వెనకే మా ఇంటికి నడిచొచ్చాడు.

అమ్మ తలుపు తీసి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

“నేను విన్నది నిజం అక్కా. అమ్మ ప్రార్థన చేసింది.”

“చెయ్యలేదని నేనెప్పుడన్నాను? నువ్వు మందులకు కిందికి వెళ్లినప్పుడు ఏడ్చింది.”

“ఏమని?”

“భయమేస్తోంది, వాణ్ణి పిలవ్వే అని. నువ్వొచ్చి చెయ్యి పట్టుకున్నాక కదరా ప్రార్థన మొదలుపెట్టింది. ఆ రోజు ఈ మాట చెప్పడానికే నోరు తెరిచాను. చెప్పనిచ్చావా?”

మామయ్య అప్పుడు కూర్చున్నాడు. అరచేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి తలెత్తి, “నన్ను పిలిచిందా?” అన్నాడు.

“నిన్నేరా,” అంది అమ్మ.