గోడ అవతలి వాల్

మా ఇంటికి నల్లా నీళ్లు బంద్ చేయాలంటే పక్కింటికి పోవాలి. పక్కిల్లు పరాయివాళ్లది కాదు, మా మామ తమ్ముడిది. నాకు చిన్న మామ. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నడుమ గోడ పెట్టుకున్నారు గానీ నల్లా కనెక్షన్ ఒక్కటే ఉండిపోయింది. దాని గేట్ వాల్ గోడ అవతల, చిన్న మామ వాకిట్లో, బండ కింద గుంతలో పడింది.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆ వాల్ చెడిపోయింది. చక్రం తిప్పితే మూసుకుంటుంది, చెయ్యి తీస్తే మెల్లగా మళ్లీ లేస్తుంది. ఎవరో ఒకరు గుంత దగ్గర కూర్చుని అదిమి పట్టుకుంటేనే ఇవతల పని సాగేది. పట్టుకోమని అడగాలంటే మాట్లాడాలి కదా. అన్నదమ్ములకు మాటల్లేవు.

మాటలు పోయింది నా పెళ్లి కార్డు వల్లే. ప్రెస్సువాడు పిలిచేవాళ్ల వరుసలో చిన్న మామ పేరు వదిలేశాడు. కార్డులు పంచేదాకా ఎవరూ చూసుకోలేదు. ఆయన పెళ్లికి రాలేదు. తర్వాత మూడేళ్లు ఇద్దరూ ఒకే చర్చిలో చెరో పక్క బెంచీ మీద కూర్చున్నారు, ఒకే గల్లీలో పది అడుగుల ఎడంతో నడిచి ఇంటికొచ్చారు. తప్పు నాది కాకపోయినా కార్డు నాది. వాళ్లనట్లా చూసినప్పుడల్లా ప్రాణం చివుక్కుమనేది. ఒక్క మాట కలిస్తే చాలనుకునేదాన్ని.

ఒకరోజు మామ దండేనికి గుంజ పాతుతూ గడ్డపారతో సరిగ్గా పైపు మీదే పొడిచాడు. రెండు రోజులకొకసారి వచ్చే నీళ్లు వాకిలంతా పారుతున్నాయి. మా ఆయన డ్యూటీకి పోయాడు. మామ పైపుకు గుడ్డ అడ్డం పెట్టి కూర్చున్నాడే తప్ప గోడ వైపు తల తిప్పడు. నేనే గల్లీ తిరిగి వెళ్లి చిన్న మామకు చెప్పాను. ఆయన వెంటనే బండ తీశాడు. లుంగీ ఎగగట్టి గుంత దగ్గర కూర్చుని, తను పట్టుకుంటానని నన్ను పొమ్మన్నాడు.

మామ పైపు కోస్తుంటే నేను రెండో కొస పట్టుకున్నాను. కాసేపటికి చిన్న మామ, అయిందేమో అడగమని నాకు పురమాయించాడు. కాలేదని చెప్పమని మామ కూడా నాకే పురమాయించాడు. ఇట్లా నాలుగుసార్లు టపా మోశాను. చేతుల నిండా బురద. ఒళ్లు మండింది.

"నన్నెందుకు అడుగుతున్నవ్ చిన్న మామ? మీ అన్ననే గద, నువ్వే అడుగు" అన్నాను, గోడ అవతలికి వినబడేట్టు.

నోరు జారానని భయమేసింది.

"అయిందా?" అని అవతలినుంచి వినబడింది.

మామ గొంతు సవరించుకున్నాడు. "ఇంక కాలే."

మూడేళ్లలో అదే మొదటి మాట. నాకు ఏడుపొచ్చి తల దించుకున్నాను.

ఆ తర్వాత చెయ్యి నొస్తుందా అని ఈయన, ఏం నొస్తలేదని ఆయన. పైపు ఎంత లోతులో ఉందని ఆయన, మనిద్దరం పాతిందే కదా అని ఈయన. ఈలోగా పైపు అతుక్కుంది, సొల్యూషన్ కూడా ఆరింది. మళ్లీ అయిందా అన్నాడు చిన్న మామ. నేను నోరు తెరిచేలోపు మామ చెయ్యి అడ్డం పెట్టాడు. పనేమీ మిగల్లేదు, తువ్వాలతో ఉత్త పైపును తుడుస్తున్నాడు.

"కాలే రా. జర పట్టుకో."

ఆ వాల్‌ను ఆ తర్వాత ఎవరినీ మార్చనివ్వలేదు. మా ఆయన ప్లంబర్‌ను తెస్తానంటే, మంచిగనే ఉంది గదా అని ఇద్దరూ ఒక్కటై కసురుకున్నారు. నల్లా వాషర్ పోతే చాలు, ఆదివారం చర్చి నుంచి వచ్చి గోడకు చెరోవైపు కూర్చునేవాళ్లు. వాషర్ మార్చడానికి గంటన్నర. వంటకు నీళ్లు లేక నేను సణుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ గంటన్నర ఎవరైనా తెచ్చిస్తే బాగుండుననిపిస్తుంది.

మామ పోయి రెండేళ్లయింది. పోయిన నెల ఆ పాత వాల్ పూర్తిగా చేతులెత్తేసింది. ప్లంబర్ వచ్చి బాల్ వాల్ బిగించాడు. పిడి అడ్డం తిప్పితే బంద్, చెయ్యి తీసినా కదలదు. చిన్న మామ రెండుసార్లు తిప్పి చూసి బండ మూసేశాడు.

మొన్న ఆదివారం వంటింటి నల్లా మార్చాలని, నీళ్లు బంద్ చెయ్యమని ఆయనకు చెప్పి వచ్చాను. ఐదు నిమిషాల్లో కొత్తది బిగించేశాను. వదలమని చెప్పడానికి చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాను.

"అయిందా?" అని గోడ అవతలినుంచి వినబడింది.

నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఇంక కాలే, చిన్న మామ. జర పట్టుకో."

కొత్త వాల్‌ను పట్టుకునే పని లేదని ఆయనకూ తెలుసు.

"పట్టుకున్న బిడ్డా" అన్నాడు. "నిమ్మళంగ చేసుకో."