హవల్దార్ సాబ్ పిలుపు

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. ఇప్పటికీ అంతే. కానీ చైనా యుద్ధం నాటి ఆ చలికాలపు పగలు మాత్రం నాకు కొరుకుడు పడదు.

మాది ధారూర్. మా హవల్దార్ సాబ్‌ది తాండూరు. సైన్యంలో చేరకముందు అక్కడి నాపరాళ్ళ గనుల్లో పనిచేశాడట. మనవైపువాడని నన్ను తమ్ముడిలా చూసేవాడు. తిట్లూ ముందు నాకే పడేవి.

ఆ రోజు చైనావాళ్ళ దాడికి మంచుకొండ మీద మా మోర్చా నిలవలేదు. సాబ్ తొడలోంచి తూటా దూసుకుపోయింది. కట్టు కట్టబోతే నా చెయ్యి తోసేసి మెషిన్‌గన్ దగ్గరికి పాకాడు. మోసుకెళ్తామంటే ఒప్పుకోలేదు.

"నా ఫికర్ వద్దుర తమ్మీ. మీరు దిగుర్రి, నేనెనకొస్త. నేను పిలుస్తుంట, జవాబియ్యాలె. ఎవ్వడన్న కూసున్నడో, తోలు తీస్త!"

దిగాం. పొగమంచులో ముందున్నవాడి వీపు కూడా కనబడదు. వెనకనుంచి, బరువులెత్తే కూలీల పిలుపులా, "జోర్ లగాకే" అని ఆయన గొంతు. మేమంతా "హైసా" అనేవాళ్ళం. గాయం నొప్పికి మతి చలించి అరుస్తున్నాడనుకున్నాను, పాపం.

నా కాళ్ళు మొద్దుబారిపోయాయి. ఇక్కడే చచ్చిపోతే హాయి అనిపించి ఒకచోట కూలబడ్డాను. పిలుపు నా చెవి పక్కనే వినబడింది. లేచాను.

సాయంత్రం కింది చౌకీలోకి మాలో చివరివాడు అడుగుపెట్టాక పిలుపు ఆగింది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు.

మర్నాడు గస్తీవాళ్ళకు ఆయన పైన మోర్చాలోనే కనిపించాడు, మెషిన్‌గన్ మీద వాలిపోయి. ఛాతీలో ఇంకో తూటా. మధ్యాహ్నానికే ప్రాణం పోయి ఉంటుందన్నాడు డాక్టర్.

మంచుకు దెబ్బతిన్న కాళ్ళు నయమై ఆసుపత్రి నుంచి వదిలాక ఇంటికి కూడా పోకుండా తాండూరు వెళ్ళాను. రైలు వికారాబాద్ దాటిన దగ్గర్నుంచీ ఆయన భార్యకు ఏం చెప్పాలా అన్న దిగులే. చివరికి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. వదిన ఒక్కటే అడిగింది.

"అందరు చేరినంకనే ఆపిండా?"

"అవును వదినా."

"గనిల గంతే తమ్మీ. బండ ఎత్తినంక, ఆఖరోడు చెయ్యి తీసెదాక పిలిచెటోడు ఆపొద్దు. నడుమ ఆపితే మనుషులు బండ కిందవడి సస్తరు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ పిలుపు ఎక్కడిదో నాకు ఈనాటికీ తెలియదు. అది వినబడకపోతే నేను ఆ మంచులోంచి లేచేవాణ్ణి కాదని మాత్రం తెలుసు.