దారం మెట్ల గిటార్

నా చిన్నప్పుడు, మగవాళ్ళు చేపల వేటకు వెళ్ళిన రోజున ‘ఇంకా రాలేదు’ అనే మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అంటే నిజంగానే రారేమోనని భయం. యారాడలో మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. సముద్రం ఎలా ఉందో తెలియాలంటే నేను అమ్మ మొహం చూసేదాన్ని.

ఆ రోజు తుఫాను గాలి మొదలయ్యేసరికి తక్కిన పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. మా నాన్న పడవ మాత్రం లేదు. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది. అమ్మ ఇసుకలో నిలబడిపోయింది. నాన్న సంగతి అడుగుదామంటే ఆ మాట అనకూడదాయె.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పడవలు బాగుచేసే వడ్రంగి. పెళ్ళి ఆర్కెస్ట్రాలో గిటార్ కూడా వాయించేవాడు. దాని మెడ విరిగితే పడవ చెక్కతో తనే కొత్త మెడ చేసుకున్నాడు. దాని మీద, వీణకు ఉన్నట్టు, అడ్డంగా బిగించే లోహపు మెట్లు దొరక్క, గాలానికి వాడే లావుపాటి నైలాన్ దారాన్ని మెడ చుట్టూ వరసగా కట్టాడు. శ్రుతి తేడా వస్తే మెట్టునే కాస్త జరిపి సరిచేసుకునేవాడు. ఊళ్ళో అందరూ దాన్ని వల గిటారని నవ్వేవారు.

ఆ మధ్యాహ్నం మావయ్య నన్ను లోపలికి పిలిచి ఆ గిటార్ ఒళ్ళో పెట్టాడు. మెడ మీద ఒక్క దారమూ లేదు. రేపు పెళ్ళిలో వాయించాలి, మెట్లన్నీ కట్టిపెట్టమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాన్న సముద్రంలో ఉంటే ఈయనకు పెళ్ళి పాటలా అనుకున్నాను. అయినా కట్టాను. నాకు వచ్చింది వల ముడి ఒక్కటే. దాన్నే వేసి, పళ్ళతో లాగి బిగించాను. అది ఊడితే నాన్న రాడేమో అనిపించింది. తీగ మీటితే గరగరమంది. మెట్టు జరుపుదామంటే కదల్లేదు.

“ఏటి సేత్తన్నావే కోడలా? వల కాదది. జరగాల. ఇంత బిగించేత్తే ఎలా పలుకుద్ది?” అన్నాడు మావయ్య.

ఆ ముడి కోసేసి చూపించాడు. మెడ సన్నగా ఉన్నచోట కట్టి, వెడల్పు వైపు మెల్లగా తోస్తే దారం దానంతటదే బిగుస్తుంది. తోస్తూ, మీటుతూ, చెవి ఒగ్గి వినాలి. పైన రేకులు దడదడలాడుతుంటే ఆ చిన్న స్వరం కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. భయం పోయిందని చెప్పను. ఒక మెట్టు కుదిరి ఇంకోటి మొదలుపెట్టేలోగా మళ్ళీ వచ్చేసేది. కానీ ఆ కాస్సేపు ఊపిరి ఆడింది.

చివరికి వచ్చాక గమనించాను. నేను చెవితో వెతికి పట్టుకున్న ప్రతి చోటా చెక్క మీద ముందే ఒక లేత గీత ఉంది. మావయ్య జేబులోంచి తెగిన దారం ముక్కలు వేలాడుతున్నాయి. కుదురుగా ఉన్న మెట్లను ఆయనే ఆ పూట కోసేశాడు. రేపు పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. తలెత్తి చూస్తే, తలుపులోంచి సముద్రం వైపు చూస్తున్నవాడు ఆ ముక్కలను గబగబా జేబులోకి కుక్కుకున్నాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది.

“ఇంకోటి కట్టవే,” అన్నాడు.

మర్నాడు నాన్న తగరపువలస నుంచి లారీ ఎక్కి వచ్చాడు. గాలి పడవను భీమిలి అవతల ఒడ్డుకు విసిరేసిందట. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని కూలబడిపోయింది. మావయ్య ఇంటి వెనక్కి వెళ్ళి ఏడ్చాడు.

ఇప్పుడు మావయ్య లేడు. గిటార్ నా దగ్గరుంది. మా అబ్బాయి వేటకు వెళ్తాడు. చేతిలో ఫోన్ ఉంటుంది గానీ, సముద్రం లోపలికి వెళ్ళాక సిగ్నల్ అందదు. గాలి లేచిన రోజున బాగా పలుకుతున్న మెట్లన్నీ కోసేసి, గిటార్ వాడి కూతురు, నా మనవరాలి ఒళ్ళో పెడతాను. మొన్న అది కడుతూ కడుతూ ఆగి, నా చేతిలోని తెగిన దారం ముక్కల వంక చూసింది.

“ఇంకోటి కట్టవే,” అన్నాను.