పెద్దబాపు జేబులోని నల్ల టేపు

ఈ నెల మొదట్లో మా పక్కింటి పెద్దబాపు పోయారు. పొద్దున టీ గ్లాసు చేతిలో పట్టుకొని కుర్చీలో కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయారని ఆయన భార్య పెద్దమ్మ గోడ మీది నుంచి పిలిచి చెప్పింది. నాకు ఆయన చుట్టం కాదు. ఇబ్రహీంపట్నంలో మా రెండిళ్లకూ ఒకటే గోడ, అంతే. టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన గురించి మంచి మనసుతో రాయాలని కూర్చున్నాను. కానీ ఆ రోజు ఆ వాకిట్లో చూసింది తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమేస్తుంది. అది కూడా చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను.

ముందు మా ఇంటి సంగతి. నేను టీచర్ పరీక్షకు చదువుతున్నప్పుడు చంటిపిల్లతో రోజూ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పోలేక, ఇంట్లో కంప్యూటర్ మీదే లైవ్ క్లాసులు చూసేదాన్ని. చూసేదాన్ని అనడం అబద్ధం. సార్ నోరు తెరిచేవారు, బొమ్మ అక్కడే ఆగేది, తెర మధ్యలో చక్రం తిరిగేది. ఎవరు ఏ వీడియో ప్లేయర్ దించుకొమ్మంటే అది దించుకున్నాను. ఒక్కోదానితో పాటు నాలుగు చెత్త కిటికీలు వచ్చిపడేవి. మీ కంప్యూటర్‌కు రోగమొచ్చిందని ఒకటి, లాటరీ తగిలిందని ఒకటి, చూడకూడని బొమ్మలతో ఇంకొకటి. పిల్లను ఒళ్లో పెట్టుకొని వాటిని మూసుకుంటూ కూర్చుంటే ఆ మౌస్ ముట్టుకోవాలన్నా రోతగా ఉండేది.

ఒకరోజు నేను పిలిస్తే పెద్దబాపు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డారు. ఆయన ఎవరి కంప్యూటర్‌నూ ముట్టుకోరు, మనతోనే చేయిస్తారు. ఆ చెత్తంతా తీసేయించారు. అయినా చక్రం తిరుగుతూనే ఉంది. నేను కంప్యూటర్‌ను తిట్టడం మొదలుపెట్టాను.

"మొదలు తీగె పట్టుకొని నడువు బిడ్డా. కంప్యూటర్‌ను తర్వాత తిడుదువు."

తీగె పట్టుకొని నడిచాను. మోడెం దగ్గర మొదలై, మంచం వెనకనుంచి పోయి గోడకున్న ఫోన్ సాకెట్ దగ్గర తేలాను. ఆయన దాని మూత విప్పించారు. లోపలంతా ఎర్రగా, పచ్చగా, తడిసి గట్టిపడిన ముద్ద. ఏటా దసరాకు మా అమ్మ ఆయుధపూజలో కంప్యూటర్‌కూ, మోడెంకూ, చివరికి ఆ సాకెట్‌కూ పసుపు కుంకుమలు పెట్టి నీళ్లు చిలకరించేది. మూడు దసరాల బొట్లు ఆ సందుల్లోకి దిగి, రాగి పిన్నులకు చిలుము పట్టింది. ఆయన ముఖం చిట్లించారు.

"దేవునికి పెట్టుర్రి, నేను వద్దంటనా? గీ సందుల ఎందుకు పోసిర్రు?"

పాత పళ్ల బ్రష్షుతో దాన్ని ఆయనే రుద్దారు. తీగె కొసను కొత్తగా ఒలిచి బిగించి, వేలు నాలుకకు తడుపుకొని దాని మీద ఆనించారు. సన్నగా చిమచిమలాడితే లైన్ బతికున్నట్టట. జేబులోంచి నల్ల టేపు తీసి చుట్టారు. ఏ చొక్కా వేసుకున్నా ఆ జేబు టేపు బరువుకు కిందికి జారే ఉండేది. టేపు చుట్టని తీగె అతుకు చూస్తే బట్టల్లేని మనిషిని చూసినట్టు తల తిప్పుకునేవారు. పోయేముందు బొమ్మ నాణ్యత ఒక మెట్టు తగ్గించమన్నారు. బొమ్మ మసకగ ఉన్నా ఫరక్ పడదు, మాట తెగొద్దు అన్నారు. ఆ మసక బొమ్మతోనే చదివి నేను టీచర్‌నయ్యాను.

ఇక ఆ రోజు. పెద్దబాపుకు ఒక్కతే బిడ్డ. రెండు రోజుల కిందే ఎల్బీనగర్ దవాఖానలో కాన్పయింది. కడుపు కోసి తీశారు, పైగా పురుడు. బాలింత సావింటికి రావద్దన్నారు పెద్దలు. మధ్యాహ్నం పన్నెండు లోపల శవాన్ని ఎత్తాలి. అప్పటిలోగా లైవ్‌లో చూపిస్తేనే ఆమెకు తండ్రి కడచూపు.

ఆ పని పెద్దబాపు తమ్ముని కొడుకు తన మీదేసుకున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ప్లాట్లు అమ్ముతాడు. పెద్దబాపు ఇంట్లోని కంప్యూటర్, మోడెం వాకిట్లోకి తెచ్చి, గోడ సాకెట్ నుంచి పొడుగు తీగె లాగి, కెమెరా తగిలించి, లైవ్‌కు పేరు పెట్టాడు. ఏం పెట్టాడో తెలుసా? పెద్దబాపు పేరు, దాని కింద తన వెంచర్ పేరు, తన ఫోన్ నంబర్. పెద్దబాపును పెట్టిన ఫ్రీజర్ బాక్సుకూ కెమెరాకూ మధ్య తెల్ల చొక్కాతో నిలబడి, తాను సరిగ్గా పడుతున్నానా అని మాటిమాటికీ తెర చూసుకుంటున్నాడు. నాకు ఉమ్మెయ్యాలనిపించింది. అంతకన్నా రోత ఏమిటంటే, చుట్టూ ఉన్నవాళ్లెవరికీ అది తప్పుగా కనపడలేదు. ఇద్దరైతే గజం ఎంతని అడిగారు.

పదకొండు దాటాక నా ఫోన్ మోగింది. దవాఖాన నుంచి బిడ్డ. "అక్కా, చక్రమే తిరుగుతుంది. బాపు కనబడ్తలేడు."

ఆ ప్లాట్లాయన కంప్యూటర్ పాతదని, నెట్ దండగని అందరికీ చెబుతున్నాడు. నేను గోడ సాకెట్ దగ్గర తీగె పట్టుకొని నడిచాను. గడప దాటి, చాపల మధ్యనుంచి వంగి నడిస్తే, అది పోయి ఫ్రీజర్ బాక్సు కాలు కింద నలిగి ఉంది. పెద్దబాపు బరువంతా ఆ తీగె మీదే. నలుగురిని పిలిచి బాక్సు జరిపించాను. చితికిన ముక్క కోసేసి, ఎర్రదాన్ని ఎర్రదానికి మెలేసి, వేలు తడుపుకొని ఆనించాను. చిమచిమలాడింది. కొక్కేనికి వేలాడుతున్న ఆయన చొక్కా జేబులోంచి టేపు తెచ్చి చుట్టాను. లైవ్ పేరు కింది నంబర్ చెరిపేసి, బొమ్మ నాణ్యత తగ్గించాను.

"గంత మసకగ చేస్తే నేనెవలికి కనబడ్త?" అన్నాడు ప్లాట్లాయన.

నేను కెమెరాను పెద్దబాపు ముఖం వైపు తిప్పాను. ఫోన్‌లో బిడ్డ చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది.

"అక్కా, బాపు జేబుల టేపు పెట్టిర్రా?"

టేపు నా చేతిలోనే ఉంది. రెండు చుట్లకన్నా ఎక్కువ మిగల్లేదు. బాక్సు మూత ఎత్తించి, ఆయనకు తొడిగిన కొత్త తెల్ల చొక్కా జేబులో పెట్టాను. పెట్టానని చెప్పాను. లైవ్ మళ్లీ ఆగి ఆమెకు కనపడలేదేమోనని భయపడి కంప్యూటర్ దగ్గరకు వచ్చాను.

లైవ్ బొమ్మ ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది. నేను వచ్చి నిలబడ్డాక తెర మీద మూత లేచింది. మసకగా ఒక చెయ్యి వచ్చి, తెల్ల చొక్కా జేబులో నల్లటిదేదో పెట్టి, కాసేపు అక్కడే ఆగింది. ఆ జేబు కొంచెం కిందికి జారింది.

"అవ్ అక్కా," అంది బిడ్డ. "కనబడ్డది."