మోకు పట్టినవాళ్ల మాట

మొన్న నంద్యాలలో మా డిగ్రీ పిల్లలు చిన్న సినిమా తీస్తూ నన్ను పిలిచారు. షాట్‌కు ముందు అందరినీ నిశ్శబ్దంగా ఉండమని చెప్పాల్సిన అమ్మాయికి గొంతు పెగల్లేదు. "గట్టిగా అరిస్తే ఏమనుకుంటారో మేడం" అంది. అనుకోనీ అన్నాను. ఆ వయసులో నన్ను అనుకున్నవాళ్లు తక్కువేం కాదు.

అప్పుడు నేనూ నంద్యాలలోనే సినిమా కోర్సు చదివేదాన్ని. చివరి ఏడాది మా బృందం ఒక శిల్పి కథ తీయాలనుకుంది. ఆళ్లగడ్డలో మా మేనమామకు రాళ్లు చెక్కే షెడ్డు ఉంది కాబట్టి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. షాట్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేయాలో కేకేసి చెప్పే పనీ నాదే. శిరివెళ్ల చేలల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్ని పిలిచి పెరిగిన గొంతు మరి. షెడ్డు నిండా ఉలి చప్పుడు, రాతిపొడి. అరగంటకల్లా మేమందరం పిండిమరలో పనిచేసేవాళ్లలా తయారయ్యాం. మొదటి షాట్‌కు పాఠంలో నేర్చుకున్నట్టే "రోల్!" అని అరిచాను. ఒక పెద్దాయన ఉలి ఆపి, "రోలా? ఎంత సైజుది కావాల పాపా?" అని అడిగాడు. నవ్వులు ఆగాక మామా నేనూ కూర్చుని మాటలు ఖాయం చేసుకున్నాం: ఎత్తు, నిలుపు, దించు. కెమెరా పట్టుకున్నవాళ్లూ అవే నేర్చుకున్నారు. ఆ పూట పని చకచకా సాగింది.

మధ్యాహ్నం మాకు మార్కులు వేయడానికి బయటి ఊరి నుంచి ఒక సారు వచ్చారు. నా కేకలు విని మొహం చిట్లించారు. "ఇది సెట్టా, సంతా? సెట్‌లో మాట ఇంగ్లీషులోనే ఉండాలి. ఇక నేను చెప్తాను" అన్నారు. దర్శకుడు నా క్లాసువాడే. మార్కుల భయంతో నేల చూపులు చూశాడు. తీస్తున్నదేమో మనిషెత్తు విగ్రహాన్ని లేపే షాట్. మూడు దుంగల మధ్య కప్పీ, దాని మీదుగా లావుపాటి మోకు, మోకు పట్టి లాగే నలుగురు. విగ్రహం కింద పీట సర్దుతున్నట్టు నటిస్తూ మా స్నేహితుడు. విగ్రహం మూరెడు లేచిందో లేదో, సారుకు ఏం నచ్చలేదో గానీ, "కట్! కట్!" అని అరిచారు. మోకు ముందున్న మనిషికి అది "కట్టు" అని వినిపించింది. పక్కనున్న గుంజకు కడదామని పట్టు సడలించాడు. మోకు జర్రున జారింది.

"పట్టు! పట్టండప్పా!" అని అరిచాను. నలుగురూ వెనక్కి వాలి బిగబట్టారు. మా స్నేహితుడి చేతులకు బెత్తెడు పైన విగ్రహం ఆగింది. వాడు పాక్కుంటూ బయటికొచ్చాడు.

సారు తేరుకుని నా మీదికొచ్చారు. "షాట్ మధ్యలో నువ్వెందుకు అరిచావ్? అందరి ముందూ క్షమాపణ చెప్పు. నీ మార్కులు నా చేతిలో ఉన్నాయి."

భయమేసింది, అయినా మోకు పక్కనే నిలబడ్డాను. "ఉండనీండి సార్. మోకు మా మామోళ్ల చేతిలో ఉండాది. వాళ్లకు తెలిసే మాటే చెప్తా. క్షమాపణ చెప్పను."

మామ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "పాప చెప్తేనే మేం లాగేది. లేదంటే మోకు మీరే పట్టుకోండప్పా" అన్నాడు. సారు వెళ్లి కారులో కూర్చున్నారు. ఈసారి విగ్రహం కింద మనిషి లేకుండా, ఎత్తు అంటే ఎత్తి, నిలుపు అంటే నిలిపి, దించు అంటే పసిబిడ్డను దించినట్టు దించారు.

ఆ ఏడాది నాకు పాసు మార్కులే వచ్చాయి. సెట్ క్రమశిక్షణ తెలియదని పక్కన రాశారట. ఆ తర్వాత చాలా సెట్లలో పనిచేశాను, ఎక్కడికెళ్లినా బరువు మోసేవాళ్ల దగ్గరికే ముందు వెళ్లి, వాళ్లు ఏ మాట వాడతారో అడిగి తెలుసుకున్నాను. వయసు పెరిగితే నోరు దానంతటదే తగ్గుతుందిలే అని చాలామంది నాకు ధైర్యం చెప్పారు. ఇన్నేళ్లు గడిచాయి, తగ్గింది భయమొక్కటే.