దొంగ చీలలు కొట్టిన బెంచీలు

1989లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తెనాలి నుంచి అంగలకుదురు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా వడ్రంగం పెట్టుకుని రెండేళ్లయింది. అప్పటినుంచి ఎన్ని తలుపులు, ఎన్ని మంచాలు చేశానో నాకే గుర్తు లేదు. మీ పనిలో మరిచిపోలేనిది చెప్పండి అని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ ఏదో ఒక గొప్ప చెప్పి తప్పించుకున్నాను. మరిచిపోలేనిది నిజానికి ఒక్కటే. అది చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుంటుంది. అయినా ఈసారి చెబుతాను.

ముందు పని సంగతి కాస్త తెలియాలి. కుర్చీకైనా బెంచీకైనా కాలూ అడ్డబద్దా కలిసే చోట ఒక అతుకు ఉంటుంది. కాలిలో పలకగా ఒక బెజ్జం తొలుస్తాం. అది మార్టిస్. అడ్డబద్ద కొసను ఆ బెజ్జంలో బిగుతుగా కూర్చునేలా నాలుకలా చెక్కుతాం. అది టెనన్. నాలుక లోపలికి దిగాక రెండిటినీ కలిపి అడ్డంగా తూటు పొడిచి వెదురు చీల కొడతాం. ఇక ఆ అతుకు ఊడి రమ్మన్నా రాదు. ఉలితో చేస్తే మంచి పనివాడు కూడా రోజంతా కూర్చుని ఏడెనిమిది బెజ్జాలకు మించి తొలవలేడు. అందుకే ఆ పని ఖరీదు.

నాకు పని నేర్పింది వీరాచారి బాబాయ్. మా నాన్నకు పినతండ్రి కొడుకు, రేపల్లెలో ఉండేవాడు. ఆయన తొలిచిన బెజ్జంలో వేలు పెట్టి చూస్తే నాలుగు మూలలూ అద్దంలా ఉండేవి. ఎంత ఓపిక! నాకు ఆ ఓపిక లేదు. విజయవాడలో ఒక పాత రౌటర్ మిషన్ కొన్నాను. చేత్తో పట్టుకునే మోటారు అది, దాని అడుగున బిట్టు అనే చిన్న కత్తి గిర్రున తిరుగుతూ చెక్కను తొలుస్తుంది. వట్టి చేత్తో పట్టుకుంటే దారి తప్పుతుంది కాబట్టి ప్లైవుడ్ ముక్కలు, రెండు బోల్టులు, ఒక పాత తలుపు మడతబందు పెట్టి దానికో చట్రం తయారు చేశాను. దాన్నే జిగ్ అంటారు. కర్రను అందులో బిగించి మిషన్ అటూ ఇటూ నడిపితే చాలు, అయిదు నిమిషాలకో బెజ్జం. బిట్టు గుండ్రంగా తిరుగుతుంది గనక బెజ్జం కొసలు గుండ్రంగా వస్తాయి. నాలుక అంచుల్ని కూడా ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తే సరిపోతుంది. సగం ధరకే ఇస్తానని ఊరంతా చెప్పుకున్నాను. నా అంతవాడు లేడనుకున్నాను.

ఒక్కటే లోటు. నా దగ్గరున్న బిట్టు అంగుళానికి మించి లోతు దిగదు. బాబాయ్ రెండంగుళాలు తొలిచేవాడు. పొడుగు బిట్టు కావాలంటే మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. ఎవరు ఆగుతారు అంతవరకూ!

ఆ ఏడాది బాపట్ల దగ్గర ఒక ఊళ్లో చర్చికి ముప్పై బెంచీలు కావాల్సి వచ్చాయి, క్రిస్మస్ లోపల. కమిటీ పెద్ద జ్ఞానసుందరం మాస్టారు బాబాయ్‌ని పిలిచి పని ఒప్పజెప్పారు. టైము చాలదని బాబాయ్ నన్ను కలుపుకుని సగం నాకిచ్చాడు. నా మీద ప్రేమతోనే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక్కటే మాట చెప్పాడు.

"ఒరేయ్ బ్రహ్మం, మిషన్ మీద చేసుకుంటావో ఉలితో చేసుకుంటావో నీ ఇష్టం. శనివారం శనివారం ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసి గచ్చు కడుగుతారక్కడ. జిగురు నమ్ముకోమాకు. చీల కొట్టు."

"అలాగే బాబాయ్, కొట్టకపోతే ఎట్టా?" అన్నాను.

కొట్టలేదు. అంగుళం నాలుకకు తూటు పొడిస్తే కొస చీలిపోతోంది. రెండు మూడు చీలిపోయేసరికి చిరాకెత్తింది. తెల్ల జిగురు దట్టంగా పూసి బిగించేశాను. చీల కనబడకపోతే బాబాయ్ పట్టేస్తాడు కదా, అందుకని పైపైన అర అంగుళం తూటు వేసి, అందులో వెదురు ముక్క ఒకటి అంటించి, తల నున్నగా చెక్కాను. పదిహేను బెంచీలకూ అదే పని. మొత్తం ముప్పై వరసగా నిలబెడితే ఏది ఎవరిదో నేనే చెప్పలేకపోయాను. బాబాయ్ వాటిని తడిమి చూసి "బాగా చేశావురా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

మరుసటి ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన జరుగుతుండగా ఒక బెంచీ కాళ్లు విడిపోయి కూలింది. దాని మీద కూర్చున్న ఎస్తేరమ్మ అనే పెద్దావిడ మణికట్టు విరిగింది. పొలం పనులకు వెళ్లి బతికే మనిషి. కబురందుకుని బాబాయ్ రేపల్లె నుంచి, నేను తెనాలి నుంచి వెళ్లాం. కమిటీవాళ్లు అయిదారుగురు చుట్టూ నిలబడ్డారు.

"ఏంటండి వీరాచారి గారూ ఇది? ఏడాదన్నా తిరగలేదే!" అన్నారు మాస్టారు.

బాబాయ్ గొంతుక్కూర్చుని ఊడిన కాలు చేతిలోకి తీసుకున్నాడు. బెజ్జంలో వేలు పెట్టాడు. కొసలు గుండ్రంగా తగిలి ఉంటాయి. కాలును బోర్లిస్తే వెదురు ముక్క ఊడి ఆయన అరచేతిలో పడింది. అర అంగుళం. దాన్ని కాసేపు చూసి తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉన్నా బాగుండేది.

"ఇది మీలో ఎవరు చేసిందండి?" అని అడిగారు మాస్టారు.

నోరు తెరవాల్సింది నేను. అదే కమిటీ చేతిలో ఒక బడి కూడా ఉంది, దాని బెంచీలన్నీ నాకే ఇస్తామని ఆ వేసవిలోనే అన్నారు. అది కళ్ల ముందు మెదిలింది. నా నాలుక లేవలేదు. చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను, ఛీ.

"పని ఒప్పుకుంది నేనండి. నాదే తప్పు" అన్నాడు బాబాయ్.

ఆయన అలా అంటాడని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

"పెద్దవారయ్యారు, చెయ్యి పట్టు తప్పినట్టుంది" అన్నారొకాయన. "ఇకమీదట ఈ కుర్రాడి మిషన్ పనే మేలండి" అన్నారింకొకాయన. బాబాయ్ సగం బెంచీలు విప్పి మళ్లీ చేసిస్తానని మాత్రం చెప్పాడు. బయటికొచ్చాక "నేనూ వస్తాను బాబాయ్" అన్నాను.

"నువ్వు రామాకు" అన్నాడు. అంతే.

ఆ పదిహేనింటికీ కొత్త అడ్డబద్దలు వేసి, బెజ్జాలు లోతు చేసి, ఒక్కడే నెలన్నర ఆ చర్చి వరండాలో కూర్చుని బాగు చేశాడట. అదే నెలన్నరలో నేను తెనాలిలో బడి బెంచీలు చేస్తున్నాను. ఈసారి పొడుగు బిట్టు తెప్పించుకున్నాను, నిజమైన చీలలే కొట్టాను. అవి ఈనాటికీ గట్టిగా ఉన్నాయి. జిగ్‌లో దోషం లేదని అప్పుడే తేలింది. దోషమంతా నాదే.

ఆ తరువాత బాబాయ్‌ని ఆ చుట్టుపక్కల ఎవరూ పనికి పిలవలేదు. బాపట్లలో నాలుగు కమిటీలకు ఈ కథ పాకింది. నాకు పని పెరిగింది. రేపల్లె నుంచి ఎవరైనా కనబడితే పక్క సందులోంచి వెళ్లిపోయేవాణ్ని. నేను ఏ అబద్ధమూ ఆడలేదుగా, ఆయనే కదా ఒప్పుకున్నాడు అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ని. ఎంత నీచమైన లాజిక్కో చూడండి.

1994లో ఆ బడికే బల్లలు అప్పజెప్పడానికి వెళ్లాను. టీచర్లు, కమిటీవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. మాస్టారు నన్ను పొగుడుతూ "పాతవాళ్ల పని నమ్మలేమండి. రేపల్లె వీరాచారి అని ఒకాయన ఉండేవాడు, ఆయన చేసిన బెంచీ విరిగి మా ఎస్తేరమ్మ చెయ్యి..." అని మొదలుపెట్టారు. నవ్వుతూ చెబుతున్నారు.

"ఆ బెంచీ నాదండి మాస్టారూ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మొదటినుంచీ చెప్పాను, దొంగ చీలలతో సహా. మాస్టారు ముఖం కందిపోయింది.

"నాలుగేళ్లుగా ఆ మనిషి పేరు నా నోటితో పాడుచేయించావు కదయ్యా!" అన్నారు. అని అక్కడే కూర్చుని ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టారు. చర్చి పెద్ద తలుపులు వీరాచారి గారే చెయ్యాలని, తనే వచ్చి క్షమాపణ అడుగుతానని అందులో రాశారు. వెనక్కి వచ్చేటప్పుడు ఎస్తేరమ్మ గుమ్మం ముందు ఆగి ఆవిడకీ చెప్పాను. ఆవిడ వంకరగా అతుక్కున్న మణికట్టు చూసుకుని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రమే రేపల్లె వెళ్లాను. చీటీ ఉంది కదా, అంతా సరిపోతుందనే ధీమా. బాబాయ్ ఇంట్లో లేడు. ఒక రైస్ మిల్లులో కాపలా ఉద్యోగానికి వెళ్లాడని పిన్ని చెప్పింది. మిల్లు గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చీటీ రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తలుపులు నువ్వే చెయ్యిరా. నా ఉలులు ముందటేడే అమ్మేశాను. రెండేళ్లు పట్టుకోకపోతే చెయ్యి మాట వినదు. అప్పుడు వాళ్లన్నది అబద్ధం గానీ ఇప్పుడు నిజమేరా" అన్నాడు. ఒక లారీ వస్తే లేచి గేటు తియ్యడానికి వెళ్లాడు.

పనిలో చేసిన తప్పు దిద్దుకోవచ్చని నాకు ఆ బెంచీలు నేర్పాయి. వేరే కర్ర తెచ్చి, మళ్లీ తొలిచి, మళ్లీ బిగించవచ్చు. మనిషి పేరు అలా కాదు. నిజం చెప్పేశాను కదా అని నేను తేలికపడ్డాను గానీ, దానివల్ల బాగుపడింది నేనొక్కణ్నే. నా షెడ్డులో ఇప్పటికీ ఏ అతుకు ఊడినా, ఎవరు చేశారని అడగకముందే ఫలానావాళ్లం అని చెప్పేస్తాం. దాన్ని గొప్పగా చెప్పుకునే అర్హత నాకు లేదు.

ఆ రోజు నన్ను బస్సు ఎక్కించడానికి పిన్ని స్టాండు దాకా వచ్చింది. ఆవిడ నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి, "తెనాలి నుంచి ఇక్కడికి గంట ప్రయాణం కదరా అబ్బాయ్, ఆయన చేతిలో పనున్నప్పుడే ఒక్కరోజు రాలేకపోయావా?" అని అడిగింది.