జానెడు మట్టి

ఎట్నా కొండ కక్కిన నిప్పు వాళ్ళ ద్రాక్షతోటను మింగినప్పుడు వెనెరాకి పద్దెనిమిదేళ్ళు. నేల చల్లారాక తండ్రి సారో ఏడుస్తూ కూర్చోలేదు, నల్లరాళ్ళ సందుల్లో జినెస్ట్రా గింజలు చల్లాడు. మా కొండ మీద ఎవరైనా చేసేది అదే. ఆ పొద వేళ్ళు రాయిని చీలుస్తాయి. రాలిన రెమ్మలు కుళ్ళి మట్టవుతాయి. దాని నీడన ఇంకో మొక్క బతుకుతుంది. ఎన్నేళ్ళకో మళ్ళీ ద్రాక్ష.

అయితే మేకలకి ఆ లేతచిగుళ్ళంటే ప్రాణం. రొట్టెలు కాల్చేవాళ్ళకి ఆ కట్టెలంటే ప్రాణం. మగపిల్లలు లేని ఇంట్లో కాపలా ఎవరు? వెనెరాయే.

కట్టెలు కొట్టబోయి ఆమెచేత చీవాట్లు తిన్నవాడు చిరీనో. కొండ కింద కటానియా పట్నంలో అతనికి రొట్టెల కొట్టు ఉంది. మరుసటి వేసవిలో పిల్లనడగడానికి వచ్చాడు.

"జానెడు మట్టి రానీ. ద్రాక్ష నాటిన రోజున నీ ఇష్టం వచ్చిన చోటికి పో తల్లీ," అన్నాడు సారో.

ఆ జానెడు కోసం వెనెరా తల నెరిసింది. పొదలు పసుప్పచ్చగా విరగబూసి తేనెటీగలు ముసిరితే ఊరి ఆడవాళ్ళు ఎంత అందమో అని మురిసిపోయేవారు. ఆమెకి ఒళ్ళు మండేది. జైలు గోడకి పసుపు రాస్తే అందమా? చిరీనో మాత్రం ఏటా వచ్చేవాడు.

"ఏం పెళ్ళికొడకా, మట్టి పండిందా?" అని కుర్రకారు ఆటపట్టించేది.

"వచ్చే ఏడు," అని నవ్వేసేవాడు.

ఈ వేసవిలో వెనెరా పెద్దపొద మొదట్లోని మట్టిలో చెయ్యి దించి చూసింది. నిండా జానెడు! కూలబడి నవ్వింది, ఏడ్చింది. సారో కర్ర ఊతంతో ఎక్కి వచ్చి, తడుముకుంటూ ద్రాక్షకొమ్మ నాటాడు.

"ఇక వెళ్తాను నాన్నా."

"వెళ్ళమ్మా. ఇన్నాళ్ళూ కట్టేశాను నిన్ను. దీన్ని నేను చూసుకుంటాలే," అన్నాడు చూపు ఆనని ముసలాయన.

కింద చిరీనో బండి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె సగం దిగింది. పైన మేకమెడ గంట వినబడింది. చెవులూ మందగించిన ముసలాయనకి వినబడలేదు.

"హేయ్! నీ మందని తగలెయ్య!"

తనేం చేస్తోందో తెలిసేసరికి వెనెరా చేతిలో రాయి ఉంది, కాళ్ళు పైకి పరుగెడుతున్నాయి. మేకల్ని తోలి, ఆయాసపడుతూ వెనక్కి తిరిగి చూసింది. చిరీనో ఈసారి 'వచ్చే ఏడు' అనలేదు. బండి మళ్ళించి దిగిపోతున్నాడు.